కాన్పు దాకా తప్పకుండా వచ్చిన అమ్మ, కాన్పయ్యాక ఎందుకు కనబడదు?

కొండకింద_కార్యకర్త · తిరుపతి · జూన్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తిరుపతి చుట్టుపక్కల హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులను, బాలింతలను కనిపెట్టుకుని తిరగడం నా ఉద్యోగం. ఏడేళ్ళయింది. ఒక బాధ మనసులో పెట్టుకోలేక రాస్తున్నా.

నా పుస్తకంలో ఇప్పుడు నలుగురు బాలింతలు మందులకు రావడం మానేశారు. నలుగురూ కడుపుతో ఉన్నన్నాళ్ళు ఒక్క తేదీ తప్పలేదు. ఎండనకా వాననకా బస్సెక్కి వచ్చారు. కాన్పులు బాగా జరిగాయి. ఆరో వారం పరీక్షలో నలుగురు బిడ్డలకూ నెగటివ్. అంతే, ఆ తర్వాత తల్లులు లేరు. ఒకరి ఫోను స్విచాఫ్. ఇంకొకరి ఫోను అత్తగారు ఎత్తి రాంగ్ నంబరని పెట్టేస్తుంది.

మొన్న ఒకావిడ ఇంటికి పోతే తాళం. పక్కింటావిడ చెప్పింది: "కాన్పుకు పుట్టింటికి పోయింది గదా, బిడ్డకు అయిదో నెల వచ్చినంక తీసుకొస్తారు" అని. నేను గడపలోనే నిలబడి లెక్క వేసుకున్నా. ఆమె చివరిసారి తీసుకుపోయింది ఒక డబ్బా, 30 మాత్రలు. అయిదు నెలలకు 150 కావాలి. మిగతా 120 ఎవరు తెచ్చిస్తారు? ఆ ఊళ్ళో ఆమెకు ఈ జబ్బుందని తెలిసిన మనిషే లేదు.

ఆఫీసు భాషలో దీన్ని ఎల్‌ఎఫ్‌యూ అంటాం, అంటే మందులకు రావడం మానేసి జాడ తప్పినవాళ్ళు. రిజిస్టర్లో మూడక్షరాలు రాసేసి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు. ఇక్కడ ఈ దారిలో నడిచినవాళ్ళు ఉన్నారని తెలుసు. మానకుండా నిలబడినవాళ్ళూ, మధ్యలో ఆపి మళ్ళీ వచ్చినవాళ్ళూ, మిమ్మల్ని ఏది ఆపింది, ఏది నిలబెట్టింది? చెప్పండి.

మోడరేటర్ · జూన్ 9, రాత్రి 9:58

ఈ చర్చను పైన పిన్ చేస్తున్నాం. పేర్లు, ఊరి వీధి, ఆసుపత్రి చీటీల ఫోటోలు పెట్టవద్దు. ఫలానా ఆసుపత్రిలో ఇలా చేశారని పేరు పెట్టి రాయవద్దు, జరిగింది మాత్రం రాయండి.

స్వర్ణముఖి · శ్రీకాళహస్తి · జూన్ 9, రాత్రి 10:31

అక్కా, నేను ఆపి మళ్ళీ వచ్చినదాన్ని. పాపకిప్పుడు నాలుగేళ్ళు, దేవుడి దయవల్ల నెగటివ్.

ఏం జరిగిందో చెప్తా. మూడో నెలలో రక్తపరీక్షలో బయటపడింది. ఆ రోజు నుంచి నాకు ఒకే మాట చెప్పినారు: "బిడ్డ కోసం వేసుకో." నేనూ బిడ్డ కోసమే వేసుకున్నా. బిడ్డ పుట్టింది, పరీక్షలో ఏమీ లేదన్నారు. నా మనసులో పని అయిపోయింది అనుకున్నా. నా కోసం కూడా వేసుకోవాలని ఎవరూ చెప్పలేదని కాదు, చెప్పే ఉంటారు, నా చెవికి ఎక్కలేదు. అప్పుడు నా ఒళ్ళంతా బిడ్డే.

దానికి తోడు పుట్టిల్లు. మా అమ్మ పథ్యం గట్టిగా చేయిస్తుంది. వెల్లుల్లికారం, నెయ్యన్నం, వేడినీళ్ళు. "ఆ మాత్రలు వేడి, పాలు విరిగిపోతాయి, ఆపేయ్" అనింది. అమ్మకు అది దేని మాత్రో తెలియదు, బలానికని చెప్పి ఉన్నా. ఏమని వాదించేది? ఆపేసినా. రెండు నెలలు.

శేషాచలం_88 · జూన్ 10, ఉదయం 6:15

మందులు ఉచితం, పరీక్షలు ఉచితం. అయినా రాకపోతే అది నిర్లక్ష్యమే అని నా అభిప్రాయం. బిడ్డ సంగతైనా ఆలోచించాలి కదా.

లేబర్‌రూమ్_సిస్టర్ · జూన్ 10, ఉదయం 7:05

శేషాచలం గారూ, ఇరవై రెండేళ్ళుగా కాన్పులు చేయిస్తున్నా. నిర్లక్ష్యంగా ఉండే తల్లిని నేను వేళ్ళ మీద లెక్కపెడతా. భయపడే తల్లిని లెక్కపెట్టలేను.

మీకొకటి చెప్తా. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక చోట పాజిటివ్ అమ్మ కేసుషీటు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో రాసేవాళ్ళు. మంచం చివరన తగిలించేవాళ్ళు. ఆ అమ్మాయి తోడికోడలికి చదువు వచ్చు. మూడో రోజు సాయంత్రానికి చూడటానికి వచ్చేవాళ్ళు ఆగిపోయారు, అన్నం క్యారియరు కూడా రాలేదు. క్యాంటీను నుంచి నేనే ఇడ్లీలు తెచ్చిపెట్టా. ఆ పిల్ల మళ్ళీ ఆ గేటు దాటి లోపలికి రాలేదు. ఆమెది నిర్లక్ష్యమా?

వకీలు_చెల్లి · చిత్తూరు · జూన్ 10, ఉదయం 8:20

సిస్టర్ చెప్పిన పని ఇప్పుడు చట్టవిరుద్ధం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, స్థితిని బయట పెట్టకూడదు, వైద్యంలో వివక్ష చూపకూడదు.

ఆడవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి. చెబితే కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో సహేతుకమైన భయం ఉన్న స్త్రీ మీద, భాగస్వామికి చెప్పి తీరాలన్న బాధ్యతను ఈ చట్టం మోపదు. "మొగుడికి చెప్పకపోతే కేసవుతుందేమో" అని భయపడి ఆసుపత్రి మానేసినవాళ్ళు నాకు తెలుసు. ఆ భయంతో ఎవరూ మానొద్దు.

కార్వేటినగరం_కోడలు · కొత్త సభ్యురాలు · జూన్ 10, మధ్యాహ్నం 2:47

నమస్తే. వారం నుంచి ఇక్కడ చదువుతా ఉండా, రాయడం ఇదే మొదలు. నాకు ఏడో నెల. మా ఆయనకు తెలుసు, ఆయనకు నెగటివ్. మా అమ్మకు తెలియదు. వచ్చే నెల సీమంతం చేసి నన్ను పుట్టింటికి తీసుకుపోతారు, తిరుత్తణి దగ్గర. తమిళనాడు. ఇక్కడి మందుల పుస్తకం అక్కడ చెల్లుతుందా? అక్కడ అడిగితే మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు చేస్తారా? అక్క రాసిన 120 మాత్రల లెక్క చదివినప్పటి నుంచి చెయ్యి వణకతా ఉంది.

కొండకింద_కార్యకర్త · జూన్ 10, మధ్యాహ్నం 3:10

అమ్మా, భయపడకు. నువ్వు పోకముందే అడిగావు, సగం పని అయిపోయింది.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లు దేశమంతా ఒకే పద్ధతిలో నడుస్తాయి, మందూ ఒకటే. పుట్టింటికి పోయేముందు మీ సెంటరుకు పోయి "ఇన్ని నెలలు తిరుత్తణి వైపు ఉంటాను" అని చెప్పు. బదిలీ చీటీ రాసిస్తారు. లేదా తాత్కాలికంగా అక్కడి సెంటర్లో పుస్తకం చూపించి తీసుకునే ఏర్పాటు చేస్తారు. ఆరోగ్యం స్థిరంగా ఉంటే ఒకేసారి రెండు మూడు నెలల మందు ఇవ్వగలరా అనీ డాక్టరునడుగు. అక్కడి సెంటరు ఫోను నంబరు రాయించుకునే బయటికి రా. దారి తెలియకపోతే 1097కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

ఇంకో సంగతి. 32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ పరీక్ష చేయాలి. ఒంట్లో వైరస్ ఎంతుందో దాన్నిబట్టే బిడ్డకు కాన్పయ్యాక ఏ మందు, ఎన్నాళ్ళు అన్నది తేలుస్తారు. నీకు సరిగ్గా ఆ వారాలు పుట్టింట్లో పడతాయి. చాలామందికి తప్పిపోయే పరీక్ష ఇదే. ఎక్కడ చేయించుకోవాలో ఇప్పుడే తేల్చుకో.

డాక్టరు_తిరుచానూరు · జూన్ 10, రాత్రి 10:02

కార్యకర్త గారు ఎత్తిన సమస్య తిరుపతిది మాత్రమే కాదు. ఆఫ్రికాలోని మలావి 2011లో, ప్రతి పాజిటివ్ గర్భిణికీ వెంటనే జీవితాంతం మందులు మొదలుపెట్టే పద్ధతి తెచ్చింది. చాలామందికి మందు అందింది. కానీ అక్కడి లెక్కల్లో, తన ఆరోగ్యం పాడై మందు మొదలుపెట్టినవాళ్ళకంటే, గర్భిణిగా ఉండగా మొదలుపెట్టినవాళ్ళు మొదటిసారి తర్వాత తిరిగి రాకుండా పోవడం చాలా ఎక్కువని తేలింది. నిన్నటిదాకా ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకే రోజు జబ్బూ చెప్పి, మందూ చేతిలో పెడితే మనసు అంత తొందరగా ఒప్పుకోదు.

2012లో 51 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి ఉంది. మందులు సరిగా వేసుకున్నవాళ్ళు గర్భంతో ఉన్నప్పుడు 75.7 శాతం, కాన్పయ్యాక 53 శాతం. స్వర్ణముఖి గారూ, మీరొక్కరే కాదమ్మా. మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

మన దేశంలో 2014 నుంచి ప్రతి పాజిటివ్ గర్భిణికీ జీవితాంతం మందు. అంతకుముందు చాలా ఏళ్ళు కాన్పు సమయంలో తల్లికొక నెవిరపిన్ మాత్ర, బిడ్డకు కాస్త మందు, అంతే. ఆ రోజుల్లో కాన్పుతో మా పని నిజంగానే అయిపోయేది. పద్ధతి మారింది, మా అలవాటు ఇంకా పూర్తిగా మారలేదు. కాన్పును ఇప్పటికీ గమ్యంలాగే చూస్తున్నాం.

అందరికీ అర్థమయ్యేలా ఒక్క విషయం. ఆరో వారం బిడ్డకు నెగటివ్ వచ్చినంత మాత్రాన ముగిసిపోలేదు. బిడ్డ పాలు తాగినంతకాలం అమ్మ ఒంట్లో వైరస్ అణిగి ఉండాలి. అమ్మ మాత్ర ఆపితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్ళీ లేస్తుంది, పాలలోకీ వస్తుంది. ఏ జాగ్రత్తా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందు సరిగా వాడితే పాలిచ్చే తల్లుల్లో కూడా అది 5 శాతంలోపుకు దిగుతుంది. చివరి నిర్ధారణ 18 నెలలకు.

శేషాచలం_88 · జూన్ 11, ఉదయం 6:30

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెలియక రాశాను. స్వర్ణముఖి గారూ, క్షమించండి.

ఆశా_పాకాల · జూన్ 11, మధ్యాహ్నం 12:15

డాక్టరు గారు గమ్యం అన్నారు గదా, మా పని కూడా అట్లనే రాసి ఉంది సార్. ఆసుపత్రి కాన్పయితే మేము ఇంటికి పోయే రోజులు 3, 7, 14, 21, 28, 42. బిడ్డ బరువు చూస్తాం, బొడ్డు చూస్తాం, పాలు పడతా ఉందా అడుగుతాం. 42 దాటినంక మాకు పెద్దగా పిలుపుండదు, వచ్చినా బిడ్డ కోసమే. సరిగ్గా అప్పుడే ఈ అమ్మలు జారిపోతా ఉండేది. పైగా అమ్మ మా ఊర్లో లేకపోతే ఆ ఆరు సార్లు కూడా మావి కావు, పుట్టింటి ఊరి ఆశావి. ఆ ఆశాకు ఈమె సంగతి తెలియదు. తెలియాలని నేనూ అనను, ఆ అమ్మ ఒప్పుకోవాలి.

ఇంకోటి కార్యకర్త అక్కకు. కోపం తెచ్చుకోవద్దు. నువ్వు వచ్చి పోతే వీధంతా గుసగుసలు. "ఆ సంచి పట్టుకుని వచ్చే ఆమె ఎవరింటికి వచ్చింది" అని నన్నడుగుతారు. అందుకే నేనయితే ఒక్క ఇంటికి పోను, ఆ వరసలో నాలుగిండ్లకు పోతా. ఐరన్ మాత్రలు ఇచ్చే నెపంతో పోతా. నువ్వు చెప్పాల్సింది నా చేత చెప్పించు, ఆ అమ్మ సరేనంటే.

కొండకింద_కార్యకర్త · జూన్ 11, మధ్యాహ్నం 1:02

కోపమెందుకు చెల్లీ. నా సంచి మీద ప్రాజెక్టు బొమ్మ ఉంటుంది. ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. రేపటి నుంచి మామూలు గుడ్డసంచి.

మందులషాపు_చిత్తూరు · జూన్ 11, రాత్రి 8:44

ఐరన్ మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. హెచ్‌ఐవీకి ఇప్పుడు ఇస్తున్న టీఎల్‌డీ మాత్రలో డోల్యుటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. ఐరన్, కాల్షియం దాన్ని కడుపులోనే పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వవు. గర్భిణులకు, బాలింతలకు ఈ రెండూ రోజూ ఇస్తారు. మూడూ కలిపి పరగడుపున గుటుక్కున మింగేసేవాళ్ళను చూశాను. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత ఐరన్, కాల్షియం వేసుకోవచ్చు. వాటిని ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ. అన్నం తింటూ అయితే కలిపి వేసుకోవచ్చు. తేలికైన దారి, ఐరన్ పగలు, టీఎల్‌డీ రాత్రి పడుకోబోయేముందు. గ్యాసుకు వేసుకునే యాంటాసిడ్‌కూ ఆ రెండు గంటలు, ఆరు గంటల లెక్కే, కానీ దాన్ని అన్నంతో అయినా కలిపి వేసుకోకూడదు.

డబ్బా దాచుకునే విషయంలో కూడా. చాలామంది మాత్రలు తీసి వేరే డబ్బాలోనో కాగితంలోనో పెడతారు. మన వానాకాలం చెమ్మకు మాత్ర పాడవుతుంది. డబ్బా మార్చకండి, లేబుల్ తీసేయండి. కొబ్బరినూనె రాసి పూట ఉంచి గుడ్డతో రుద్దితే జిగురుతో సహా వచ్చేస్తుంది. లోపలుండే చిన్న చెమ్మ పొట్లం మాత్రం పారేయొద్దు. కదిపితే గలగలమంటుందని బాధ అయితే పైన కాస్త దూది కుక్కండి.

కార్వేటినగరం_కోడలు · జూన్ 11, రాత్రి 9:20

అన్నా, నేను రోజూ మూడూ కలిపే వేసుకుంటా ఉన్నా, పరగడుపున. ఎవరూ చెప్పలేదు. ఈ పొద్దు నుంచి మారుస్తా.

అమ్మకు ఎట్ల చెప్పాలో తెలియడం లేదు. స్వర్ణముఖి అక్కా, నువ్వు ఎట్ల మళ్ళీ మొదలుపెట్టినావు?

స్వర్ణముఖి · జూన్ 11, రాత్రి 11:05

చెల్లీ, రాద్దామా వద్దా అని గంట సేపు ఆలోచించినా.

రెండు నెలలు ఆపినంక సెంటరు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. ఆమె కూడా పాజిటివే. "ఎందుకు రాలేదు" అని అడగలేదు. "పాప బాగా తాగతా ఉందా? నువ్వు నిద్రపోతా ఉన్నావా?" అనింది. ఏడ్చేసినా. నా నిద్ర గురించి అడిగిన మొదటి మనిషి ఆమే. ఎల్లుండి రా, నేను గేటు దగ్గర ఉంటా అనింది. ఉండింది.

డాక్టరు గారు తిట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టినారు, పాపకు మందు మారుస్తూ మళ్ళీ పరీక్ష చేసినారు. ఆ రిపోర్టు వచ్చేదాకా నేను పడింది పగవాళ్ళకు కూడా వద్దు.

అమ్మకు పూర్తిగా చెప్పలేదు, ఇప్పటికీ. ఆ రోజు రాత్రి పాపకు పాలిస్తా ఉంటే పక్కన కూర్చుంది. "అమ్మా, ఈ మాత్ర ఆపితే నేను బిడ్డకు పాలియ్యకూడదంట. డాక్టరు గట్టిగా చెప్పినాడు" అన్నా. అది నిజమే గదా. అమ్మ నా మొహం చూసింది, పాప మొహం చూసింది. ఏమీ అడగలేదు. మరుసటి రోజు నుంచి రాత్రి తొమ్మిదికి చెంబుతో నీళ్ళు తెచ్చి నా తలగడ పక్కన పెట్టేది. ఆమెకు ఎంత అర్థమైందో నేను అడగలేదు.

నీకు అదే మాట చెప్పు అనడం లేదు. మీ అమ్మ ఎట్లాంటిదో నీకే తెలుసు.

రేణిగుంట_డ్రైవరు · జూన్ 12, ఉదయం 5:50

చెల్లెమ్మా, మీ ఆయన్ని వాడుకో. మా ఇంట్లో కూడా ఆమెకు పాజిటివ్, నాకు నెగటివ్. పుట్టింటికి పోయినప్పుడు ప్రతి నెలా బిడ్డను చూడాలని నేనే పోయేవాణ్ణి, జేబులో డబ్బా పెట్టుకుని. అల్లుడు వస్తే ఎవరూ అనుమానించరు. సెంటర్లో ముందే ఆమె చేత రాయించినాం, నా చేతికి ఇచ్చేటట్టు. తనకు పరీక్ష ఉన్న నెల మాత్రం తనే రావాల. నేను కూడా ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటా ఉండా.

పుట్టగానే నాలిక మీద తేనె పెడతామంటారు పెద్దవాళ్ళు, ఆముదం అంటారు, ఆవుపాలు అంటారు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని మాకు సిస్టర్ చెప్పింది. మా అత్తకు అది చెప్పడానికి కూడా నేనే ముందుకొచ్చినా. ఆడపిల్ల చెబితే తీసేస్తారు, అల్లుడు చెబితే వింటారు. మంచో చెడో, ఇప్పటికి అదే పద్ధతి.

లేబర్‌రూమ్_సిస్టర్ · జూన్ 12, ఉదయం 7:40

ఆ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. తల్లిపాలతో పాటు పైపాలు కలిపి పట్టడమే అన్నిటికంటే చెడు.

కోడలమ్మా, కాన్పు ఎక్కడైనా సరే, నొప్పులతో పోయినప్పుడు అక్కడి సిస్టరుకో డాక్టరుకో నీ పుస్తకం చూపించాలి. బిడ్డకు నెవిరపిన్ సిరప్ పుట్టిన వెంటనే మొదలవ్వాలి, సాధారణంగా ఆరు వారాలు. ఆరో వారం కాలి మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం కాగితం మీద తీసి పంపుతారు. అదే రోజు పెంటావాలెంట్ టీకా కూడా ఉంటుంది. టీకాకు ఎలాగూ బిడ్డను తీసుకుపోతారు, ఎవరూ ఎందుకని అడగరు.

నేనిప్పుడు చేసే పని ఒకటుంది. డిశ్చార్జి రోజు బిడ్డ టీకా కార్డు మీద ఆరో వారం తేదీ రాసేటప్పుడు, ఆ అమ్మ మాత్రల తేదీ కూడా అదే రోజుకు వచ్చేటట్టు సెంటరు వాళ్ళతో మాట్లాడతా. కార్డు మీద అమ్మ గురించి ఏమీ రాయను, పెన్సిలుతో చిన్న చుక్క పెడతా. అదేమిటో ఆమెకూ నాకూ తెలుసు. రెండు బస్సు ఖర్చులు, రెండు అబద్ధాలు ఒకటవుతాయి.

కొండకింద_కార్యకర్త · జూలై 6, రాత్రి 9:15

నలుగురి సంగతి చెప్పాలి కదా.

తాళం వేసిన ఇంటావిడ దొరికింది. పుట్టిల్లు పీలేరు వైపు. ఆశా చెల్లి చెప్పినట్టు గుడ్డసంచితో, మొదట వేరే ఇద్దరి ఇళ్ళకు పోయి ఆ తర్వాత పోయాను. బిడ్డను ఉయ్యాల్లో ఊపుతూ ఉంది. మాత్రలు అయిపోయి 41 రోజులు. తనే లెక్క పెట్టుకుంది, క్యాలెండరులో తేదీల కింద గోరుతో గీతలు. "ఎవరో ఒకరు వస్తారనుకున్నా" అంది. మర్నాడే సెంటరుకు తీసుకుపోయాను, తల్లీబిడ్డలిద్దరికీ పరీక్షలు, మందు మళ్ళీ మొదలు.

ఇంకొకరు భర్తతో బెంగళూరులో పనికి పోయారు. అక్కడి సెంటరుకు బదిలీ చేయించాం, మొదటి డబ్బా తీసుకున్నట్టు ఫోన్ చేసింది. రాంగ్ నంబరనే అత్తగారింట్లో కోడలు ఇంకా నాతో మాట్లాడలేదు. నాలుగో ఆమె జాడ తెలియలేదు. వెతుకుతున్నాను.

కార్వేటినగరం_కోడలు · అక్టోబరు 19, సాయంత్రం 4:30

అందరికీ నమస్తే. మగబిడ్డ. తిరుత్తణిలోనే కాన్పయింది. పోకముందే చీటీ రాయించుకున్నా కాబట్టి వైరల్ లోడ్ అక్కడే చేసినారు, అణిగే ఉందన్నారు. బిడ్డకు సిరప్ పుట్టిన రోజే మొదలుపెట్టినారు. మొన్న ఆరో వారం, మడమలో గుచ్చి రక్తం తీసినారు, టీకా వేసినారు, నా మాత్రలూ అదే రోజు. ఫలితం ఇంకా రాలేదు.

అమ్మకు చెప్పేసినా అక్కా. మొత్తం. ఒక రోజంతా మాట్లాడలేదు. రెండో రోజు వచ్చి "ఇంటికి పోయినంక నీ డబ్బా ఎవరు తెస్తారు" అని అడిగింది.

స్వర్ణముఖి · అక్టోబరు 19, సాయంత్రం 4:52

చెల్లీ. ఫలితం వచ్చిన రోజు ఇక్కడ రాయి. ఎంత రాత్రయినా సరే.

కుప్పం_నాన్న · కొత్త సభ్యుడు · అక్టోబరు 20, ఉదయం 6:08

మొత్తం చదివినాను. మా ఆవిడకు ఆరో నెల. పుట్టిల్లు కోలారు పక్కన, కర్ణాటక. మొదటి కాన్పప్పుడు ఇట్లనే మూడు నెలలు మందు తప్పిపోయింది, మా పెద్దోడికి పద్దెనిమిదో నెల పరీక్ష కూడా చేయించలేదు. వాడికిప్పుడు మూడేళ్ళు. ఇప్పుడు చేస్తారా?

కొండకింద_కార్యకర్త · అక్టోబరు 20, ఉదయం 6:20

చేస్తారు తమ్ముడూ. ఈ వారమే తీసుకురా, ఇద్దరినీ. మీ ఆవిణ్ణి ఏ నెలలో పంపిస్తున్నారు?